చివరొచ్చినవాళ్ల గది

తారు రోడ్డు ఆగిపోయాక ముప్పై కిలోమీటర్ల కంకర,
కంకర ఆగిపోయాక బురదనేల మీద
రెండు పలకల వెడల్పు దారి.
అడుగు తప్పితే మోకాలిదాకా నల్లనీళ్లు.
నాకు అరవై మూడు. ఇరవై ఏడేళ్లు బడిపిల్లల వ్యాను నడిపాను.
మాట్లాడని చెట్ల కోసం వచ్చాను.

ఫిన్లాండు ఉత్తరాన, సర్కారు అడవిలో,
పటం మీద ఒక చుక్క: దుంగల గది.
తాళం లేదు. అద్దె లేదు. కాపలావాడు లేడు.
నలుగురు ఒత్తుకుని పడుకునే చెక్క అరుగు.
పొయ్యి మీద అగ్గిపెట్టె,
అందులోంచి ఒక పుల్ల సగం బయటికి,
గడ్డకట్టిన వేళ్లకు అందేలా
ఎవరో పెట్టి వెళ్లారు.
నోటుబుక్కులో చివరి తేదీ పదకొండు రోజుల కిందటిది:
"చేపలు పడలేదు. ఎలుక ఉంది. మంచి ఎలుక."

గోడవైపు చోటు నాదనుకున్నాను.
మేజోళ్లు ఆరేశాను, కాఫీ కాచాను,
'ఒక్కదాన్నే' అన్న మాటని
నాలుక మీద మెల్లగా కరగనిచ్చాను.

ఎనిమిదింటికి వాన. వానతోపాటు వేర్నెరి,
అతని ఏడేళ్ల కూతురు కెర్తూ.
గుడారం కర్ర విరిగిందట.
జరిగాను.
పిల్ల నా రొట్టె తిని, నా చీజు తిని,
ఎలుకకు పేరేమిటని అడిగింది.

పదిన్నరకి ఎవరో తలుపు తట్టారు.
ఇక్కడెవరూ తట్టరు, నెట్టుకొస్తారు.
తెరిస్తే ఇద్దరు ఆడవాళ్లు, చేతుల్లో బకెట్లు,
థాయ్‌లాండు నుంచి అడవిపళ్లు ఏరడానికి వచ్చినవాళ్లు.
పొగమంచులో వాళ్ల బండి ఎటుపోయిందో.
పెద్దామె గుండెల మీద చెయ్యి పెట్టుకుని "మాలివన్" అంది.
చిన్నామె ఏమీ అనలేదు.
బకెట్టులో ఎర్రపళ్లు, నోట్లో పళ్లు టకటక.
నిండిన గదిని చూసి, క్షమించమన్నట్టు
వెనక్కి ఒక అడుగు వేశారు, వానలోకే.

ఎలా చెప్పడం,
ఈ గదుల చట్టం తిరగేసి రాసిందని:
ముందొచ్చినవాళ్లు లేవాలి,
చివరొచ్చినవాళ్లు పడుకోవాలి.
ముందొచ్చినవాళ్లు ఇప్పటికే వెచ్చబడ్డారు కదా.

ముందొచ్చిన చెవులకన్నా
వెనకొచ్చిన కొమ్ములు వాడి, నిజమే.
కానీ ఈ అడవిలో కొమ్ములు ఏటేటా రాలిపోతాయి.
నాచులో తెల్లగా పడి ఉంటే
ఎలుకలు కొరుక్కుతింటాయి.
మళ్లీ మొలిచేదాకా రెయిన్‌డీర్
చెవులతోనే బతుకుతుంది.

నా సంచి తీసుకుని గోడవైపు చోటు చూపించాను.
"నువ్వే కదా ముందొచ్చింది," అంది కెర్తూ.
"అందుకే."
"అన్యాయం."
"అవును," అన్నాను.
నాకూ కోపంగానే ఉంది. మోకాలు సలుపుతోంది.
పక్క అప్పుడప్పుడే నా ఒంటి ఆకారం నేర్చుకుంటోంది.

బయట నా చిన్న గుడారం.
రెండింటికి వాన ఆగింది.
నేను కోరుకున్న నిశ్శబ్దం అప్పుడొచ్చింది.
పావుగంట బాగుంది.
తర్వాత గదిలోంచి గురక,
వేర్నెరిది కావచ్చు, ఆ చిన్నామెది కావచ్చు.
చీకట్లో తాడు పట్టుకున్నట్టు
ఆ గురకను పట్టుకుని నిద్రపోయాను.

లేచేసరికి పలకల మీద మంచు పేరుకుంది.
చీజు తొక్కను ఒక పిట్ట ఎత్తుకుపోతోంది.
వాళ్లిద్దరినీ వేర్నెరి కంకర రోడ్డుదాకా తీసుకెళ్లాడు.
గడప మీద, నా మగ్గులో, నిండుగా ఎర్రపళ్లు.
నోటుబుక్కులో కెర్తూ గీసిన ఎలుక, మీసాలు మరీ పెద్దవి.
దాని కింద మాలివన్ రాత:
సున్నాలు, సున్నాల చివర చిన్న చిన్న ముడులు.
ఒక్క అక్షరం రాదు నాకు.
వేలితో తడిమి చూశాను.

ఇంకో రాత్రి ఉందామనే వచ్చాను.
దుంగ కోశాను. చితుకులు చీల్చాను. బూడిద ఎత్తాను.
చూస్తే అగ్గిపెట్టెలో మూడే పుల్లలు.
ఒకటి సగం బయటికి లాగి పెట్టాను.
తలుపుదాకా వెళ్లి, తిరిగొచ్చి,
ఇంకొంచెం లాగాను.